సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగొద్దు: డిగ్రీ కాలేజీలో అభ్యసన వైకల్యమున్న పిల్లలకు సహాయ కేంద్రం ఎలా నడపాలి

పేపర్లు దిద్దేటప్పుడు ఇలాంటి జవాబుపత్రం మీకూ తగిలే ఉంటుంది. అక్షరాలు గీత మీద నిలబడవు. లైనుకో కొట్టివేత. పది మార్కుల ప్రశ్నకు నాలుగు లైన్లు రాసి, కింద ఖాళీ వదిలేసి ఉంటాడు. అదే పిల్లవాణ్ని స్టాఫ్ రూముకు పిలిచి నోటితో అడగండి. హంద్రీ-నీవా నీళ్లు శ్రీశైలం నుంచి మన జిల్లాకు ఎట్లా ఎక్కివస్తాయో, శెనక్కాయ వేసిన రైతు ఏ నెలలో ఆకాశం వైపు చూస్తాడో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. పక్క టేబులు వాళ్లు మాత్రం "వాడు చదవడప్పా, ఒట్టి సోమరి" అని తేల్చేస్తారు. నేనూ చాలా ఏళ్లు అట్లే తేల్చేశాను.

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతూ, ఈ సహాయ కేంద్రం పని కొన్నేళ్లుగా చూస్తున్నాను. ప్రిన్సిపాల్ గారు పిలిచి "ఇది మీరు చూసుకోండి" అని ఒక ఆర్డరు చేతిలో పెట్టగా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డ లెక్చరర్ కోసం ఇది రాస్తున్నాను. డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఓపిక కావాలి, పరీక్షల విభాగంతో స్నేహం కావాలి.

ముందు, ఎవరిని వెతుకుతున్నారో తెలుసుకోండి

చట్టం చెప్పేది చూద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఆ 21లో ఒకటి. చదవడంలో ఇబ్బంది ఉంటే డిస్లెక్సియా, రాయడంలో ఉంటే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో ఉంటే డిస్‌కాల్‌క్యులియా, చేతుల కదలికల పొందికలో ఉంటే డిస్‌ప్రాక్సియా. వీటిలో ఏదీ తెలివికి సంబంధించిన లోటు కాదు. మీ స్టాఫ్ మీటింగులో ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తుందో ఇప్పుడే ఊహించుకోండి, తర్వాత విసుగు రాదు.

తెలుగు పిల్లల్లో దీన్ని పట్టుకోవడంలో ఒక చిక్కుంది. తెలుగులో అక్షరానికీ శబ్దానికీ లంకె గట్టిది, రాసినట్టే చదువుతాం. అందువల్ల డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు కూడా తెలుగు పేరాను పెద్దగా తప్పుల్లేకుండా చదివేయవచ్చు. కాకపోతే కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని, మిగతావాళ్లకు పట్టే సమయానికి రెండింతలో మూడింతలో తీసుకుంటాడు. "స్వాతంత్ర్యం" లాంటి మాట దగ్గర, ఒత్తు మీద ఒత్తు పడ్డచోట, ఆగిపోతాడు. ఇంగ్లీషులో ఆ లంకె లేదు. పుట్ అన్నా బట్ అన్నా నడిమి అక్షరం ఒకటే, పలకడం మాత్రం వేరు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో ఎట్లో నెట్టుకొచ్చిన పిల్లవాడు డిగ్రీలో ఇంగ్లీషు మీడియం పుస్తకం ముందు ఒక్కసారిగా కూలబడిపోయేది ఇందుకే. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మీడియం అయ్యాక, అంతకుముందు దాక్కుని ఉన్న ఇబ్బంది బయటికి కనపడడం మొదలైంది.

అట్లని తడబడిన ప్రతివాడికీ ఈ పేరు తగిలించకండి. "ధనం" బదులు "దనం" రాశాడనో, ల, ళ తారుమారు చేశాడనో అనుమానపడితే తెలుగునాట సగం మందిని అనుమానించాలి. మన జిల్లాలో ఇంకో సంగతి ఉంది. కరువు ఏడాదుల్లో అమ్మానాన్నల వెంట బెంగళూరు వలస పోయి, ఏడాదికి మూడు నాలుగు నెలలు బడి పోగొట్టుకున్న పిల్లలు మన తరగతుల్లో కూర్చుని ఉంటారు. అది చదువులో పడ్డ గండి, వైకల్యం కాదు. ఇంకొందరికి చూపు సరిగా ఉండదు. నా దగ్గరికి మొదట వచ్చినవాళ్లలో ఒకమ్మాయికి కావాల్సింది కళ్లజోడు మాత్రమే అని తేలింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదట.

మరి తేడా ఎట్లా? నేను మూడు చూస్తాను. నోటితో చెప్పిన జవాబుకూ రాసిన జవాబుకూ మధ్య దూరం ఎంత? ఇబ్బంది ఇంగ్లీషులోనేనా, తెలుగులోనూ ఉందా? రెండో తరగతి, మూడో తరగతి నుంచే ఉందా, మధ్యలో వచ్చిందా? దూరం ఎక్కువగా ఉండి, రెండు భాషల్లోనూ ఉండి, చిన్నప్పటి నుంచీ ఉంటే నిపుణుల దగ్గరికి పంపాల్సిన మనిషి. అంతకు మించి మనం తేల్చేది లేదు. మనం లెక్చరర్లం, డాక్టర్లం కాదు. ఇక వలస వల్ల వెనకబడ్డవాడు మీ గదికి వస్తే తలుపు మూయకండి. వాడికీ ఉపయోగపడే పనులే సగం ఉంటాయి.

కాగితం మీద నిలబడండి, గది ఒకటి పట్టండి

ప్రిన్సిపాల్ సంతకంతో రాతపూర్వకమైన ఉత్తర్వు తీసుకోండి. నోటిమాట మీద నడిచిన కేంద్రం ప్రిన్సిపాల్ బదిలీతో పోతుంది. అందులో నలుగురి పేర్లు ఉండాలి: మీరు, పరీక్షల విభాగం నుంచి ఒకరు, లైబ్రేరియన్, ఆఫీసులో ఫైళ్లు తెలిసిన క్లర్కు. మీరు మగవాళ్లయితే వీళ్లతోపాటు ఒక మహిళా లెక్చరర్ తప్పనిసరి. అమ్మాయిలు కొందరు మగ సారుతో ఈ విషయం నోరు విప్పరు. పరీక్షల విభాగం మనిషి లేకుండా మాత్రం కమిటీ వేయకండి. మిగతావాళ్లు లేకపోయినా లాక్కురావచ్చు, ఆయన లేకపోతే అసలు రోజున అన్నీ ఆగిపోతాయి.

గది చిన్నదైనా చాలు. తలుపు మీద బోర్డు ఏమని రాస్తారన్నది ముఖ్యం. "వికలాంగుల విభాగం" అని రాసిన గదిలోకి పందొమ్మిదేళ్ల కుర్రాడు పట్టపగలు అడుగు పెట్టడు. మేం "చదువు సాయం" అని రాశాం. లైబ్రరీ పక్కనే కావడంతో ఎవరు ఎందుకు వెళ్తున్నారో ఎవరికీ పట్టదు.

పిల్లల్ని పిలిచే తీరు

తరగతిలో "మీలో చదవడం రానివాళ్లు ఎవరు, చెయ్యెత్తండి" అని అడిగిన మహానుభావులు ఉన్నారు. ఆ పని చేయకండి. అన్ని తరగతులకూ, అందరికీ ఒకే నోటీసు పంపండి. పదాలు తేలిగ్గా ఉండాలి. మేం వాడేది దాదాపు ఇట్లా ఉంటుంది:

"పాఠం అర్థమవుతుంది, పరీక్షలో రాయలేకపోతున్నారా? పుస్తకం ఒక పేజీ చదవడానికి చాలాసేపు పడుతోందా? అంకెలు తారుమారవుతున్నాయా? టెన్త్‌లో, ఇంటర్‌లో స్క్రైబ్‌నో (మీరు చెబితే రాసిపెట్టే మనిషి) అదనపు సమయాన్నో తీసుకున్నారా? మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం భోజనం వేళ లైబ్రరీ పక్క గదికి రండి. మీరు వచ్చిన సంగతి ఎవరికీ చెప్పం."

ఈ నోటీసు కాలేజీ తెరిచిన వారంలో ఒకసారి, మొదటి ఇంటర్నల్స్ మార్కులు వచ్చిన మరుసటి రోజు ఇంకోసారి. రెండోసారే ఎక్కువ మంది వస్తారు. మొదటి సెమిస్టరులో నోటితో బాగా చెప్పి రాతలో తప్పినవాళ్ల పేర్లు ఇవ్వమని సబ్జెక్టు లెక్చరర్లనూ అడగండి. ఆ పేర్లవాళ్లను మీరు విడివిడిగా, కారిడార్‌లో కాదు, పిలిచి మాట్లాడాలి.

మా తప్పు ఒకటి చెబుతాను. మొదటి ఏడాది, స్క్రైబ్ సౌకర్యం మంజూరైన పిల్లల జాబితాను పేర్లతో సహా నోటీసు బోర్డుకు అంటించేశాం. మంచి పని చేశామన్న ఉత్సాహం తప్ప ఇంకో ఆలోచన లేదు. మరుసటి రోజు ఇద్దరు వచ్చి "మాకొద్దు సార్, మామూలుగానే రాస్తాం" అన్నారు. ఒకడు నిజంగానే మామూలుగా రాసి రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి జాబితా అంటే హాల్ టికెట్ నంబర్లే, అవి కూడా కవర్లో.

మొదటి మాటామంతీ

అరగంట పెట్టుకోండి. రిజిస్టరు తెరవకండి, పెన్ను తీయకండి. ఎక్కడి నుంచి వస్తున్నావు, బస్సు ఎన్నింటికి, హాస్టలా, ఇంట్లో ఎవరెవరు, ఏ సబ్జెక్టు ఇష్టం, ఏ సారు చెబితే అర్థమవుతుంది. ఆ తర్వాతే చిన్నప్పుడు బడిలో ఎట్లా ఉండేదని అడగండి. చాలామంది ఇక్కడే ఏడుస్తారు. పన్నెండేళ్లుగా "మొద్దు" అనిపించుకుని, దాన్నే నమ్మి ఉంటారు. కొందరికి దిగులు బాగా లోతుకు పోయి ఉంటుంది. అట్లాంటివాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 రాసివ్వండి. ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీరూ ఆ వారంలో ఇంకోసారి కలవండి.

ఇంట్లోవాళ్లకు చెప్పాలా వద్దా అన్నది పిల్లవాడు తేల్చాలి. పద్దెనిమిది నిండినవాడు. చెప్పమన్నాకే ఫోను చేయండి. ఫోనులో "వైకల్యం" అన్న మాట మొదటి నిమిషంలో వాడితే అవతల గుండె జారిపోతుంది. కళ్యాణదుర్గం వైపు ఒక రైతుతో నా సంభాషణ ఇట్లా నడిచింది.

"మా వోడు ఏమన్నా తప్పు చేసినాడా సార్?"

"లేదన్నా. బాగా తెలిసినోడు. రాసేకాడ చెయ్యి ఆగిపోతాంది. పరీక్షలో గంట ఎక్కువ ఇప్పించొచ్చు, దానికి ఆసుపత్రిలో ఒకసారి చూపియ్యాల."

"మెదడుకు ఏమన్నానా సార్? పెండ్లి సంబంధాలప్పుడు అడుగుతారు."

"మెదడుకు ఏం లేదు. నీ శేను లెక్కలన్నీ నోటితో చెప్పేది వాడే కదా?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆయన నవ్వి, వడ్డీ లెక్క కూడా వాడే చెబుతాడని అన్నాడు. మరుసటి సోమవారం కాలేజీకి వచ్చాడు.

సర్టిఫికెట్ లేకుండానే రేపు మొదలుపెట్టగలిగినవి

చాలా కాలేజీలు ఇక్కడే ఆగిపోతాయి. సర్టిఫికెట్ తెచ్చుకో, తర్వాత చూద్దాం అంటారు. సర్టిఫికెట్ రావడానికి నెలలు పడుతుంది, ఆలోగా సెమిస్టరు అయిపోతుంది. పనుల్ని రెండుగా విడదీసుకోండి: మీ కాలేజీ తనంతట తాను ఇవ్వగలిగేవి, విశ్వవిద్యాలయం మాత్రమే ఇవ్వగలిగేవి. మొదటి రకానికి ఏ డాక్టరు సంతకమూ అక్కర్లేదు.

నోట్సుతో మొదలుపెట్టండి. పాఠానికి ముందు రోజు వాట్సాప్ గ్రూపులో నోట్సు పెట్టమని లెక్చరర్లను అడగండి. చేతిరాత ఫొటో కాదు, టైపు చేసిన ఫైలు. టైపు చేసినదాన్ని ఫోను పైకి చదివి వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌కు పోయి యాక్సెసిబిలిటీలో సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేస్తే చాలు, తెలుగు గొంతు, ఇంగ్లీషు గొంతు రెండూ ఉంటాయి. అచ్చు పుస్తకమైతే గూగుల్ లెన్స్‌తో ఫొటో తీసి వినవచ్చు. చేతిరాత దగ్గర మాత్రం అది తడబడుతుంది. ఉరవకొండ బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎకనామిక్స్ విన్న అమ్మాయి ఒకతి ఉంది. పాటలు వింటోందని అందరూ అనుకునేవాళ్లట.

రాయడానికి జీబోర్డులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగులో టైపు అవుతుంది. మన యాసకు అది తిప్పలు పడుతుంది. "యాడికి పోతాండావు" అంటే ఏదో రాసుకుంటుంది. పుస్తకం తెలుగులో, నిదానంగా చెప్పడం అలవాటు చేయించండి. ఆ అలవాటు తర్వాత స్క్రైబ్‌తో పనిచేసేటప్పుడు పనికొస్తుంది.

ఇంటర్నల్స్ మీ చేతిలోనే ఉంటాయి, అక్కడ చేయగలిగింది చాలా ఉంది. ప్రశ్నపత్రం అక్షరాల సైజు 14 పెట్టండి, ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య జాగా వదలండి. ఇన్విజిలేటర్ ప్రశ్నలన్నీ ఒకసారి పైకి చదవాలి. ఇది అందరికీ చేయండి, ఎవరి కోసమో తెలియదు. భాషా సబ్జెక్టు కానిచోట స్పెల్లింగుకు మార్కు కోయొద్దని విభాగాల్లో ఒప్పించండి. రాసిన జవాబు అర్థం కాకపోతే పిలిచి నోటితో అడిగి మార్కు వేసే వెసులుబాటు పెట్టండి. లెక్కల పిల్లలకు గడుల పుస్తకం ఇప్పించండి. ఒక గడిలో ఒక అంకె రాస్తే ఒకట్ల కింద పదులు పడే తప్పు సగానికి సగం పోతుంది. సూత్రాల కార్డు ఇవ్వడానికి లెక్కల వాళ్లు ఒప్పుకోరు. రెండు మూడు మీటింగులు పడుతుంది, వదలకండి.

తరగతిలో ఒక్కటే నియమం. ముందు చెప్పకుండా ఎవరినీ నిలబెట్టి పైకి చదివించొద్దు.

ఇక వారానికి ఒక గంట. ట్యూషన్ లాగా పాఠం మళ్లీ చెప్పకండి, అది దండగ. పిల్లవాడు ఒక పాత ప్రశ్న తెస్తాడు. మొదట ప్రశ్నను ముక్కలు చేయిస్తాం. ఎన్ని సంగతులు అడుగుతున్నారు, "వివరించండి" అన్నారా "పోల్చండి" అన్నారా. తర్వాత పుస్తకం మూసి జవాబు నోటితో చెప్పి ఫోనులో రికార్డు చేస్తాడు. దాన్ని తానే విని ఐదు మాటలు కాగితం మీద రాసుకుంటాడు, వాక్యాలు కాదు. ఆ ఐదు మాటల్నీ వరసలో పెట్టి, ఒక్కో మాటకు రెండు వాక్యాలు. పది మార్కుల ప్రశ్నకు నాలుగు లైన్లు రాసేవాడు ఇట్లా ఆరు వారాలు చేస్తే పేజీ నింపుతాడు. నేను చూసిన వాటిలో అన్నింటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే. దీనికి ఖర్చు సున్నా.

సర్టిఫికెట్ తెచ్చుకునే దారి

మొదట ఇంట్లో పాత పెట్టె వెతికించండి. టెన్త్‌లో రాయితీ తీసుకుని ఉంటే అప్పటి కాగితాలు ఉండవచ్చు. ఉంటే సగం దారి నడిచినట్టే. చదివిన మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ఐఈఆర్‌పీలకు, అంటే అక్కడి ప్రత్యేక టీచర్లకు, కొందరు పిల్లలు చిన్నప్పటి నుంచీ తెలిసి ఉంటారు. వాళ్లతో మాట్లాడండి, చాలా సంగతులు తెలుస్తాయి.

2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం (2024 మార్చిలో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి) ఈ వైకల్యాన్ని ఎనిమిదేళ్లకు, పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు పరీక్షించేవారు. పద్దెనిమిదేళ్లకు ఇచ్చిన సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. డిగ్రీ పిల్లలకు ఇది కలిసొచ్చే సంగతి, ఒక్కసారి తిరిగితే చాలు. ముందు చూపు, వినికిడి చూస్తారు. తర్వాత తెలివితేటల పరీక్ష. ఆ తర్వాత చదవడం, రాయడం, లెక్కల మీద బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షల వరస. క్లినికల్ సైకాలజిస్టు లేకుండా ఇది జరగదు. అందుకే అనంతపురం పెద్దాసుపత్రికి కానీ, కర్నూలు పెద్దాసుపత్రికి కానీ, కడప రిమ్స్‌కు కానీ పంపే ముందు సైకాలజిస్టు ఏ రోజు ఉంటారో మీరే కనుక్కోండి. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, ఆ రోజు లేరని తెలిసి వెనక్కి పోయిన పిల్లవాడు మళ్లీ రాడు. అనంతపురం నుంచి నిమ్‌హాన్స్‌కు 200 కిలోమీటర్ల పైచిలుకు. స్థోమత ఉన్నవాళ్లు నేరుగా అక్కడికి పోతారు, అది మంచిదే. సదరం (వైకల్య నిర్ధారణ శిబిరం) స్లాటు గ్రామ, వార్డు సచివాలయంలో బుక్ చేసుకోవచ్చు, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. పెట్టేటప్పుడు అభ్యసన వైకల్యం అన్న విభాగాన్నే ఎంచుకున్నారో లేదో పక్కన కూర్చుని చూడండి. నెట్ సెంటర్ వాళ్లు తెలియక మానసిక వైకల్యం అని నొక్కేస్తే సరిదిద్దడం పెద్ద పని.

పిల్లవాడికి ఒకటి ముందే చెప్పి పంపండి. ఆ పరీక్షలు చిన్నపిల్లల కోసం తయారైనవి. పందొమ్మిదేళ్లవాడి ముందు మూడో తరగతి పాఠం పెట్టి చదవమంటారు, తీసివేతలు చేయమంటారు. ముందుగా తెలియకపోతే అవమానంగా తోచి సగంలో లేచి వచ్చేస్తాడు. అట్లా ఒకడు నిజంగానే వచ్చేశాడు. తెలిసి పోతే నవ్వుకుని రాస్తాడు. ఆసుపత్రికి పోయిన రోజు హాజరు పోకుండా కాలేజీ పనిమీద పోయినట్టు రాయించండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ హాజరుతో ముడిపడి ఉన్న పిల్లలు వీళ్లు.

పరీక్షలు: అసలు పని ఇక్కడే

2016 చట్టం 17వ సెక్షన్ అదనపు సమయం, స్క్రైబ్, రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు లాంటి మార్పుల్ని పేరు పెట్టి చెబుతుంది. 2018 ఆగస్టు 29న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదని ఉంది. మూడు గంటల పేపరుకు ఒక గంట అన్నమాట. ఈ ఉత్తర్వులు మారుతూ ఉంటాయి. ఆ ఏడాది అమల్లో ఉన్నది, మీ విశ్వవిద్యాలయం సర్క్యులర్, రెండూ ప్రింటు తీసి పెట్టుకోండి. నలభై శాతం వైకల్యం లేదు కాబట్టి స్క్రైబ్ కుదరదని ఎవరైనా అంటే 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తు చేయండి. అది రాతలో చెయ్యి పట్టేసే సివిల్స్ అభ్యర్థి వేసిన కేసు. నలభై శాతం లేకపోయినా స్క్రైబ్ పొందే హక్కు ఉంటుందని కోర్టు తేల్చింది. అదే ఏడాది నవంబరులో, డిస్‌గ్రాఫియా ఉన్న నీట్ అభ్యర్థినికి పరీక్ష కేంద్రంలో అదనపు గంట ఇవ్వకుండా పేపరు లాక్కున్న కేసు మీదా సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడింది. కానీ గొడవ పెట్టుకుని సాధించేదానికన్నా, పరీక్షల విభాగంలో టీ తాగుతూ ముందే మాట్లాడుకుని సాధించేది ఎక్కువ. చట్టం కాగితం చేతి సంచిలో ఉండాలి, బల్ల మీద కాదు.

సెమిస్టరు మొదలైన రెండో వారంలోనే దరఖాస్తులు పరీక్షల విభాగానికి చేరాలి. హాల్ టికెట్లు వచ్చాక పరిగెత్తితే ఏమీ కాదు. అనుమతి పత్రం కాపీలు నాలుగు తీయండి: పరీక్ష కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్‌కు ఒకటి, ఇన్విజిలేటర్‌కు ఒకటి, పిల్లవాడికి ఒకటి, మీ ఫైలుకు ఒకటి. మీది అటానమస్ కాలేజీ అయితే పరీక్షల కంట్రోలర్ మీ ప్రాంగణంలోనే ఉంటారు, అదృష్టవంతులు. కాకపోతే కేంద్రం వేరే కాలేజీలో పడుతుంది. పరీక్షకు ముందు రోజు ఆ కేంద్రానికి మీరే ఒకసారి పోయి, విడిగా గది ఉందా, ఫ్యాను తిరుగుతోందా, నాలుగో గంటలో గది తాళం వేసేసి వెళ్లిపోకుండా ఎవరుంటారు, చూసుకుని రండి. ఆ చివరి గంటలో ఇన్విజిలేటర్ వాచీ చూసుకుంటూ నిట్టూరుస్తుంటే పిల్లవాడు పేపరు ఇచ్చేసి వచ్చేస్తాడు. ఇన్విజిలేటర్‌కు ఆ గంటకు భత్యం కాలేజీ నుంచి ఇప్పించండి. నిట్టూర్పులు తగ్గుతాయి.

స్క్రైబ్ గురించి. సొంతంగా తెచ్చుకుంటే పరీక్ష రాసేవాడికన్నా ఒక మెట్టు తక్కువ చదువు ఉండాలన్నది, 2025లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చేదాకా ఉన్న 2018 నాటి నియమం. డిగ్రీ పిల్లవాడికి ఇంటర్ విద్యార్థి. పరీక్షకు రెండు రోజుల ముందు స్క్రైబ్‌ను కలిసే వీలు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. రెండు రోజులు చాలవు, నెల ముందు నుంచి కూర్చోబెట్టండి. మా మొదటి స్క్రైబ్ సీఈసీ చదివే పిల్లవాడు, చక్కటి దస్తూరి. కెమిస్ట్రీ పేపరులో అణువుల అంకెలన్నీ కింద రాయాల్సినవి అక్షరాల పక్కన పెద్దగా రాసేశాడు. చెప్పినవాడిది తప్పు కాదు, రాసినవాడిదీ కాదు, నేర్పని నాది. అప్పటి నుంచి మూడు సార్లు అభ్యాసం పెడుతున్నాం: ఒకసారి గుర్తులు, సూత్రాలు, పటాలు, ఒకసారి పాత పేపరు ఒక గంట, ఒకసారి మూడు గంటలూ పూర్తిగా. "కొత్త పేరా", "కింద అంకె", "గీత కొట్టు" లాంటి మాటలు ఇద్దరూ ఒప్పందం చేసుకుంటారు. స్క్రైబ్ సొంతంగా ఒక్క మాట కలపకూడదు, దిద్దకూడదు. ఇద్దరు స్క్రైబ్‌లకు అనుమతి తీసుకోండి. పరీక్షల కాలంలో ఒకరికి జ్వరం వస్తుంది, ఇది రాసి పెట్టుకోండి.

అందరికీ స్క్రైబ్ అక్కర్లేదు. చాలామందికి అదనపు గంట ఒక్కటే సరిపోతుంది. ఇంకొకరికి చెప్పి రాయించడం అదొక విద్య. అది రానివాడికి స్క్రైబ్ బరువే. ఇంటర్నల్స్‌లో రెండు రకాలుగా రాయించి చూసి, ఎందులో బాగా వచ్చిందో పిల్లవాణ్నే తేల్చుకోమనండి.

సాటి లెక్చరర్ల మాట

"మిగతావాళ్లకు అన్యాయం కదా" అని తప్పకుండా అంటారు. మీరు కళ్లజోడు తీసేసి పేపర్లు దిద్దండి సార్, మాకు అన్యాయం జరుగుతోంది అని ఒకసారి నవ్వుతూ అన్నాను. ఆ సీనియర్ మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు సూత్రాల కార్డు తయారుచేసి తెచ్చారు. అందరి మీదా ఇది పనిచేస్తుందని చెప్పను. ఉపన్యాసాలు పెట్టేకన్నా, పిల్లవాడి అనుమతితో, పేరు తీసేసి, పాత జవాబుపత్రమూ ఆరు నెలల తర్వాతి జవాబుపత్రమూ పక్కపక్కన పెట్టి చూపించండి. నకిలీ సర్టిఫికెట్ల భయం కూడా కొందరికి ఉంటుంది. మీ గదిలో వారం వారం కూర్చున్నవాడి ఇబ్బంది మీకు తెలియకుండా ఉండదు.

నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ) బృందం వచ్చే ఏడాది అందరికీ మీ కేంద్రం మీద ప్రేమ పుడుతుంది. దివ్యాంగులకు స్క్రైబ్, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ లాంటివి అడుగుతారు మరి. ఆ ప్రేమను వాడుకోండి. గడుల పుస్తకాలు, ఇయర్‌ఫోన్లు, ఒక ప్రింటరు, ఆ నెలలోనే మంజూరు చేయించుకోండి. ఫొటోలకు మాత్రం పిల్లల్ని నిలబెట్టకండి. ఖాళీ గది ఫొటో చాలు.

ఫైలు

ఒక్కో పిల్లవాడికీ ఒక నంబరు, ఆ నంబరు మీదే ఫైలు. పేరుకూ నంబరుకూ లంకె ఉన్న కాగితం ఒక్కటే, తాళం వేసిన అరలో. ఫైలులో ఏం చేశాం, ఏది పనిచేసింది, ఏది వదిలేశాం అన్నవి నాలుగు లైన్లలో నెల నెలా రాయండి. ఉద్యోగం అన్నాక మీకూ బదిలీ వస్తుంది. మీ తర్వాత వచ్చేవారు మళ్లీ మొదటి నుంచి అడగకుండా ఉండాలి.

మూడో ఏడాది చివర్లో టీసీతో పాటు పిల్లవాడి చేతికి ఒక కవరు ఇవ్వండి. సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, విశ్వవిద్యాలయం అనుమతి పత్రాలు, అన్నింటి కాపీలూ అందులో ఉండాలి. పీజీ ప్రవేశ పరీక్షకు, బ్యాంకు పరీక్షకు, గ్రూప్స్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు ఇవే అడుగుతారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్‌లో ఒక శాతం వీళ్లు కూడా ఉన్న విభాగానికి ఉందని కవరు మీద రాసి పెట్టండి, చాలామందికి తెలియదు. ఆ కాగితాలన్నీ ఫోనులో స్కాన్ చేయించి, వాడి మెయిలుకు వాడి చేతే పంపించుకోమనండి. కవర్లు ఇల్లు మారినప్పుడు పోతాయి.